స్వామివారి బాలాలయం – దివిసీమ గృహాలు

(పటమటలో ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భమున చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఆలయ జీర్ణోద్ధరణ ఆరంభమైన నాడు అర్చకస్వాములు కళాకర్షణ గావించి, మూలమూర్తియందలి కళలను కలశంలోనికి ఆవాహన చేసి, ప్రాంగణంలోని బాలాలయంలో ప్రతిష్ఠించిన దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. పైన రేకులు, చుట్టూ సరుగుడు కర్రలు, తడికలు. అంతే. అయినప్పటికీ నిత్యార్చనకు, నైవేద్యానికి ఒక్క పూట లోపం జరుగలేదు. బాలాలయవాసం దీర్ఘం కారాదని ఆగమజ్ఞుల హెచ్చరిక. అందుచేతనే పని మొదలు పెట్టకమునుపే తిరిగి గర్భాలయ ప్రవేశాన్ని గురించి పెద్దలు ఆలోచన చేశారు. "స్వామివారు ఇంకెన్నాళ్లండీ ఈ రేకుల క్రింద?" అని మీలో అనేకులు నన్ను అడిగారు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నా మనస్సు 1978 నాటి దివిసీమకు మరలిపోయేది.

పింగళ నామ సంవత్సరం, కార్తీక మాసం, శుక్లపక్షం. 1977 నవంబరు 19, శనివారం. ఆనాటి ఉప్పెన సంగతి ఈ కృష్ణాతీరంలో పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలకు మాత్రం చెప్పవలసి ఉంది. కృష్ణానది రెండు పాయల నడుమ, సముద్రానికి ఆనుకొని ఉన్న ఆ సీమ మీదికి సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రజలం విరుచుకుపడింది. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సొర్లగొంది వంటి గ్రామాల పేరు చెబితే ఇప్పటికీ ఆ ప్రాంతంవారి కంఠం పూడిపోతుంది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది మరణించారు. మట్టిగోడలు, తాటాకు కప్పులు గల ఇళ్లు ఆ నీటికి ఒక్క ఘడియ కూడా నిలువలేదు.

అప్పుడు వెళ్లినవారెవరు? అవనిగడ్డ శాసనసభ్యులు మండలి వెంకట కృష్ణారావుగారు ఆ జనం మధ్యనే ఉండి చేసిన సేవ వల్లనే వారిని దివిసీమ గాంధీ అన్నారు. నందమూరి తారక రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. రామకృష్ణ మిషన్ సాధువులు వచ్చారు. రాష్ట్రీయ స్వయంసేవక సంఘ కార్యకర్తలు మూలపాలెంలో శవాలను ఎత్తడంతో ఆరంభించి, దీనదయాళ్‌పురం పేరుతో ఇళ్లు కట్టి ఇచ్చేవరకు నిలిచారు. అంతకుముందు 1969 తుపాను తరువాత గుంటూరు కేంద్రంగా గ్రామాల పునర్నిర్మాణానికి పూనుకొన్న మైకేల్ విండీ అనే జెస్యూట్ ఫాదరు ఎక్కడో బెల్జియం దేశస్థుడు. ఇంకొక మాట. దేవుడు లేడని జీవితాంతం చెప్పిన గోరాగారు 1940లో ముదునూరులో నెలకొల్పి, 1947లో మన పటమటకు తరలించిన నాస్తిక కేంద్రం వారు కూడా దివిసీమలో సేవ చేశారు. ఆలయ సంచికలో ఈ మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. ఇరుగుపొరుగువారు చేసిన మంచిని దాచి స్వామివారి ఎదుట నిలబడడం నా వల్ల కాదు.

పటమట నుండి మేము కొందరం విద్యార్థులం ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా, పులిగడ్డ అక్విడక్టు దాటి అక్కడికి చేరాము. పలుగు పట్టడం కూడా సరిగా రాని వయస్సు. ఇటుకలు మోయడం, శ్లాబు వేసే రోజున కాంక్రీటు తట్టలు అందించడం మా పని. నల్లమట్టి నేల, వేసవిలో నెరెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. పునాది లోతుగా తీయకపోతే గోడ నిలువదు.

ఒకనాడు మంచినీటి బండి రాలేదు. తొందరపడి మేము దగ్గరలోని బావినీటితోనే సిమెంటు కలిపాము. వృద్ధుడైన తాపీమేస్త్రి వచ్చి, వేలు ముంచి నాలుకకు తగిలించుకొని, "బాబూ, ఇది ఉప్పు. ఇనుమును తినేస్తుంది. ఎత్తి పారబోయండి" అన్నాడు. సిమెంటు దొరకడమే గగనమైన రోజులవి. మాకు ప్రాణం ఉసూరుమన్నది. కాని ఆయన మాటే నిజం. ఉప్పు చేరిన కాంక్రీటులో చువ్వ త్రుప్పుపట్టి ఉబ్బుతుంది, శ్లాబు పెచ్చులూడుతుంది, కొన్నేళ్లకు ఆ కప్పే కుటుంబం నెత్తిన పడుతుంది. పారబోశాము.

అంతకంటె పెద్ద తప్పు వేరొకటి చేశాము. అది సిమెంటులో లేదు. ఇళ్లను సూటిగా వరుసలు తీర్చి, చూడముచ్చటగా ఉన్నాయని మురిసిపోయాము. ఒక మత్స్యకార స్త్రీ లోపలికి వెళ్లి, నాలుగు గోడలూ తడిమి చూసి, బయటికి వచ్చి, "ఇల్లు బాగానే ఉంది బాబూ, వల ఎక్కడ ఆరేసుకోమంటారు?" అని అడిగింది. మాలో ఎవ్వరికీ సమాధానం తోచలేదు. ఆ కట్టడంలో ఆమెను అంతవరకు ఏదీ అడిగినవారు లేరు. ఆలయంలో పాకశాల ఎటు ఉండాలో, బలిపీఠం ఎక్కడ ఉండాలో స్థపతిని, అర్చకుని అడిగి కదా కడతాము! ఆ తరువాతి వరుసలో ఇంటింటికి మధ్య ఎడం పెంచాము. ఆమె ఇల్లు మాత్రం అప్పటికే అయిపోయింది.

ఈ శ్రమ వృథా కాలేదు. 1990 మే నెలలో మళ్లీ ఘోరమైన తుపాను ఈ తీరాన్నే తాకింది. ముందుగా హెచ్చరించి లక్షలాది ప్రజలను తరలించడం, తుపాను ఆశ్రయ భవనాలు, పక్కా ఇళ్లు – ఇవన్నీ కలిసి ఆ పర్యాయం మృతులు వెయ్యికి లోపే. వెయ్యి కూడా తక్కువ కాదు. కాని 1977ను చూసినవారికి ఆ తేడా తెలుస్తుంది.

నిన్న మొన్నటి సంగతికి వస్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించింది. మనలో ఎందరో అన్నపు పొట్లాలు కట్టారు. నీరు తీసిన తరువాత మాత్రం మన రాక తగ్గింది. తలుపులు ఉబ్బి మూతపడని ఇళ్లు, బురద నిండిన గదులు వారికి మిగిలాయి. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఆలయానికి సంకల్పించిన ద్రవ్యంలో కొంత ముంపు బాధితులకు మళ్లించవచ్చునా అని ఒక దాత నన్ను అడిగారు. కూడదన్నాను, స్వామికి చెప్పుకొన్నది స్వామికే చెందాలి. అయితే వేరొక సంకల్పం చెప్పుకోవడానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదని కూడా చెప్పాను. ఆయన చెప్పుకొన్నారు.

కుంభాభిషేకంతో స్వామివారు తమ గర్భాలయానికి వేంచేశారు. బాలాలయపు పందిరికి వాడిన రేకులు, సరుగుడు కర్రలు, తాళ్లు వేలం వేయడం మామూలు. ఈసారి వాటిని అమ్మక, లెక్క వ్రాసి, గిడ్డంగిలో భద్రపరచమని ధర్మకర్తలను ప్రార్థించాను. ఎన్ని కుటుంబాలకు తాత్కాలికంగా కప్పు వేయవచ్చునో మన పేటలోని తాపీమేస్త్రులు లెక్క చూస్తామన్నారు. పనిచేయగల యువకులు తమ పేర్లను ఆలయ కార్యాలయంలో ఉంచిన పుస్తకంలో వ్రాయవలెనని కోరుతున్నాను. నా పేరు మొదటి పుటలో ఉన్నది. తట్టలు మోయలేను గాని, నీటి రుచి చూడగలను.