నెమ్మదించిన హార్డ్ డిస్కు, కనబడని డ్రైవర్: లినక్స్‌లో లోపాన్ని వెదకడం



ఢిల్లీలో వసంత్ కుంజ్ సమీపాన, అరుణా అసఫ్ అలీ మార్గ్‌లో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఉంది. ఇది 1984లో న్యూక్లియర్ సైన్స్ సెంటర్ పేరుతో ఏర్పడింది. భౌతికశాస్త్ర ప్రయోగాలు తక్కువ ఖర్చుతో చేసుకునేందుకు ఇక్కడ ఎక్స్‌పైస్ అనే చిన్న పరికరాన్ని రూపొందించారు. దాన్ని యుఎస్‌బి తీగతో కంప్యూటరుకు కలిపితే వోల్టేజి మార్పులను కొలుస్తుంది. దాని పైథాన్ ప్రోగ్రాములు లినక్స్ మీద నడుస్తాయి.

ఇలాంటి పరికరాన్ని కలిపినప్పుడు "పరికరం కనబడలేదు" అని వచ్చిందనుకోండి. లేదా కొలతలు దాచిన హార్డ్ డిస్కు బాగా నెమ్మదించిందనుకోండి. చాలామంది వెంటనే లినక్స్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ తొందరలో నెలల తరబడి సేకరించిన కొలతలు చెరిగిపోవచ్చు. అందుకే ముందు కారణం తెలుసుకోవాలి, ఆ తర్వాతే మార్పు చేయాలి.

మొదట డ్రైవర్ సంగతి చూద్దాం. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కెర్నల్‌తోపాటే మాడ్యూళ్లుగా వస్తాయి. కాబట్టి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎల్‌ఎస్‌యుఎస్‌బి అనే ఆదేశం ఇస్తే జాబితాలో పరికరం ఉందా? లేకపోతే తీగనో, పోర్టునో మార్చి చూడాలి. జాబితాలో ఉన్నా దానికి డివైస్ ఫైలు ఏర్పడలేదా? అప్పుడు డ్రైవర్‌ను అనుమానించాలి. ఫైలు ఏర్పడినా ప్రోగ్రాం తెరవలేకపోతోందా? అది అనుమతి లోపం. డెబియన్, ఉబుంటులలో సీరియల్ పరికరాలను వాడే వ్యక్తి పేరు సాధారణంగా డయలవుట్ అనే గ్రూపులో ఉండాలి. వైఫై కార్డుల విషయంలో డ్రైవర్ ఉన్నా ఫర్మ్‌వేర్ ఫైలు లేక కార్డు పనిచేయకపోవచ్చు. ఆ సంగతి డి-మెసేజ్ అనే ఆదేశంతో కనిపించే కెర్నల్ సందేశాలలో ఉంటుంది.

ఇక హార్డ్ డిస్కు. అసలు తప్పు డిస్కుదేనా? మెమరీ చాలకపోతే కెర్నల్ కొంత సమాచారాన్ని డిస్కు మీదికి పంపుతూ, తిరిగి తెచ్చుకుంటూ ఉంటుంది. ఫ్రీ అనే ఆదేశం మెమరీ స్థితిని చెబుతుంది. మెమరీ సరిపోతే హెచ్‌డిపార్మ్‌తో చదివే వేగాన్ని కొలవండి. ఈ పరీక్ష డిస్కు మీద ఏమీ రాయదు.

పాత ఐడిఇ డిస్కులలో చిప్‌సెట్‌కు తగిన డ్రైవర్ లేకపోతే డిఎంఏ పనిచేసేది కాదు. సమాచారాన్ని ప్రాసెసరే స్వయంగా మోయాల్సి వచ్చేది. ఆ పద్ధతిలో వేగం సెకనుకు సుమారు 16 మెగాబైట్లు దాటదు. డిఎంఏ ఉంటే అదే తీగ మీద 100 మెగాబైట్ల దాకా వీలయ్యేది. ఆ పాత ఐడిఇ డ్రైవర్లను 2021లో వచ్చిన 5.14 కెర్నల్ నుంచి తొలగించారు.

నేటి సాటా డిస్కులలో తీగ బాగా లేకపోతే లింకు వేగం సెకనుకు 6 గిగాబిట్ల నుంచి 1.5కు పడిపోవచ్చు. ఇదీ డి-మెసేజ్‌లో కనబడుతుంది. తర్వాత స్మార్ట్‌సిటిఎల్‌తో డిస్కు ఆరోగ్య పట్టిక చూడండి. 199వ అంశం పెరుగుతుంటే తీగను అనుమానించండి. ఆ లెక్క ఎప్పటికీ తగ్గదు కాబట్టి తీగ మార్చాక పెరగడం ఆగిందా అన్నదే చూడాలి. 5వ, 197వ అంశాలు పెరుగుతుంటే డిస్కు ఉపరితలమే దెబ్బతింటోందని అర్థం. చెడిన సెక్టారును డిస్కు మళ్లీమళ్లీ చదవబోతుంది, అందుకే యంత్రం ఆగి ఆగి నడుస్తుంది. అప్పుడు మరమ్మతు ఆలోచన మాని, ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేయండి.

నెమ్మది ఒక్కటే అయినా కారణాలు వేరు. తీగ మారిస్తే పోయే లోపానికి కొత్త డిస్కు కొనడం డబ్బు దండగ. చెడిపోతున్న డిస్కు మీద లినక్స్‌ను మళ్లీ ఎక్కిస్తే మిగిలిన సమాచారమూ దక్కదు. ప్రయోగశాలలో కొలతకు ఎంత విలువ ఇస్తామో, కంప్యూటర్ ముందూ అంతే ఇవ్వాలి. ఒకసారి ఒకే మార్పు చేయండి, ఫలితాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి.