మ్యాపుల్టన్ రాళ్ళు, ఉప్పాడ ఇసుక

ఈసారి ఎపిసోడ్‌లో గాలి హోరు ఎక్కువగా వినిపిస్తుంది, ఏమనుకోకండి. సగం మ్యాపుల్టన్ బీచ్‌లో నిలబడి ఫోన్‌లో రికార్డు చేశాను. హల్ నుంచి కారులో ముప్పావుగంట. ఎందుకెళ్ళామంటే, మా అమ్మాయి జీసీఎస్ఈ జాగ్రఫీ హోంవర్కు కోసం. ఇక్కడ పిల్లలున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, చాలా స్కూళ్ళలో సముద్ర కోత పాఠం అంటే హోల్డర్‌నెస్ తీరమే. దానికిచ్చిన ప్రశ్న ఇది: మ్యాపుల్టన్‌లో కట్టిన రక్షణ సఫలమైందా, విఫలమైందా? ఆరు మార్కులు.

"చెప్పు నాన్నా" అంది. "సఫలమే కదా, ఊరు ఉంది కదా" అన్నాను. తర్వాత దక్షిణం వైపు ఓ పావుగంట నడిచాం. నా మాట అక్కడే తేలిపోయింది.

ముందు తీరం సంగతి చెప్తాను. పైన ఫ్లాంబరో హెడ్ దగ్గర తెల్లటి సుద్దరాయి ఉంది, గట్టిది, అలలకి ఎదురు నిలబడుతుంది. అక్కడినుంచి కింద స్పర్న్ దాకా సుమారు 60 కిలోమీటర్లు అంతా మట్టి గట్లే. మంచుయుగంలో మంచు పలకలు తోసుకొచ్చి వదిలేసిన బంకమట్టీ, గులకరాళ్ళూ కలిసిన ముద్ద అది. చేత్తో గీరితే రాలుతుంది. సగటున ఏడాదికి దాదాపు రెండు మీటర్లు పోతోంది. యూరప్‌లో ఇంత వేగంగా కరిగే తీరాలు చాలా తక్కువ. రోమన్ల కాలం నుంచి లెక్కేస్తే ఇరవై పైచిలుకు ఊళ్ళు సముద్రంలో కలిసిపోయాయి.

అయితే సగటు అనే మాటని నమ్ముకోకూడదు. ఒకచోట నాలుగేళ్ళు ఏమీ కాదు. ఐదో ఏడు ఒక్క రాత్రి పొలంలో ఓ ముక్క విరిగి పడిపోతుంది. దీనికో కారణం ఉంది, నాకు భలే నచ్చింది. ఇక్కడి బీచ్‌లో పల్లంగా ఉండే భాగాలుంటాయి, వాటిని ఆర్డ్ అంటారు. అక్కడ ఇసుక పలచగా ఉంటుంది కాబట్టి పోటు సమయంలో అలలు నేరుగా గట్టు పాదాన్ని కొడతాయి. ఈ పల్లాలు ఒకేచోట ఉండవు, మెల్లగా దక్షిణానికి జరుగుతూ ఉంటాయి. మీ ఇంటి ముందుకి ఆర్డ్ వచ్చిందంటే ఆ కొన్నేళ్ళూ గండమే. పైగా పాపం అంతా సముద్రానిది కాదు. వాన నీరు మట్టిలోకి దిగి, బరువెక్కిన గట్టు జారిపోతుంది. జారినదాన్ని అలలు ఎత్తుకుపోతాయి.

ఇప్పుడు మ్యాపుల్టన్. చిన్న ఊరు, ఓ యాభై ఇళ్ళు, ఒక చర్చి. ఊరి మధ్యనుంచి బీ1242 రోడ్డు. ఎనభైల చివరికి గట్టు ఆ రోడ్డుకి మరీ దగ్గరకొచ్చేసింది. రోడ్డుని వేరే దారిలో వేయడం కంటే గట్టుని కాపాడటమే చవక అని లెక్క తేల్చి, 1991లో సుమారు 20 లక్షల పౌండ్లతో పెద్ద పెద్ద రాళ్ళు తెచ్చి సముద్రంలోకి అడ్డంగా రెండు గట్లు పేర్చారు. గ్రోయిన్లు అంటారు వాటిని. గట్టు కింద కూడా రాళ్ళు పరిచారు. ఇక్కడ ఇసుక ఉత్తరం నుంచి దక్షిణానికి ప్రయాణం చేస్తుంది. రాళ్ళ గట్టు దాన్ని ఆపింది, ఊరి ముందు మంచి బీచ్ పెరిగింది. అలలు ఆ ఇసుక మీదే అలిసిపోతాయి. ఊరు నిలబడింది.

మరి ఆగిన ఇసుక ఎవరిది? కింద కౌడెన్ వైపు వెళ్ళాల్సింది. అక్కడ బీచ్ సన్నబడింది, కోత పెరిగింది, పొలాలూ ఇళ్ళూ పోయాయి. కళ్ళతోనే తెలుస్తుంది. రాళ్ళ దగ్గర గడ్డి మొలిచిన వాలు గట్టు, నాలుగడుగులు దాటగానే నిలువునా కోసిన పచ్చి మట్టి. అన్నట్టు, అక్కడ పాత వాయుసేన బాంబుల రేంజ్ ఉండేది. గట్టు కరిగేకొద్దీ పేలని గుండ్లు బీచ్ మీద పడుతుంటాయి. హెచ్చరిక బోర్డులున్నాయి, పిల్లల్ని తీసుకెళ్తే చూసుకోండి.

ఇక్కడ కొత్తగా ఇల్లు కొనే మనవాళ్ళు వినాల్సిన మాట ఒకటుంది. ఇంగ్లండ్‌లో సముద్ర కోతకి ఇల్లు పోతే నష్టపరిహారం హక్కుగా రాదు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ సాధారణంగా దీన్ని కవర్ చేయదు. గట్టు అంచుకొచ్చిన ఇంటిని కూల్చడానికి ఆరు వేల పౌండ్ల దాకా గ్రాంటు ఉంది. అంటే ఇల్లు పోయినందుకు కాదు, కూల్చినందుకు! ఏ తీరాన్ని కాపాడాలి, ఏది వదిలేయాలి అన్నది షోర్‌లైన్ మేనేజ్‌మెంట్ ప్లాన్లలో రాసి ఉంటుంది. హార్న్‌సీ, విదర్న్‌సీ లాంటి పట్టణాలకి గోడ, మధ్యలో పొలాలకి ఏమీ లేదు. సీ వ్యూ అని ప్రకటన చూసి మురిసిపోయే ముందు ఆ ప్లాన్ తెరిచి చూడండి.

సరే, ఈ గోలంతా విని ఉప్పాడలో ఉన్న మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. "ఏంట్రా, ఇంగ్లీషోళ్ళకి కూడా ఇదే బాధా?" అని నవ్వింది. మాది కాకినాడ. నా చిన్నప్పుడు పెద్దమ్మగారింటి నుంచి సముద్రం చూడాలంటే నడిచి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు తుఫాను వస్తే తుంపర వాళ్ళ మేడ మీద పడుతోంది. జియోట్యూబులు వేశారు, రాళ్ళు వేశారు, కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డు కోతకి గురవుతూనే ఉంది.

అక్కడ ఇసుక ప్రయాణం దీనికి తిరగేసి, దక్షిణం నుంచి ఉత్తరానికి. గోదావరి తెచ్చిన ఇసుక ఉత్తరానికి జరుగుతూ కాకినాడ ఎదురుగా పొడుగాటి హోప్ ఐలాండ్‌గా పేరుకుంది. కాకినాడ రేవుకి అదే దేవుడిచ్చిన అడ్డుగోడ. దాని పైనున్నది ఉప్పాడ. పైగా నది మీద ఆనకట్టలు కట్టాక సముద్రానికి చేరే ఒండ్రే తగ్గింది. కాకినాడని కాచే ఇసుకే ఉప్పాడకి అందని ఇసుక. మా అమ్మాయి వెంటనే, "అయితే మనం మ్యాపుల్టన్, పెద్దమ్మమ్మ వాళ్ళు కౌడెన్" అంది. ఏం చెప్పను?

మట్టం పెరగడం గురించి కూడా అడుగుతారు. 1900 నుంచి ప్రపంచ సగటున సముద్రం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ వేగం ఇంకా పెరుగుతోంది. జానెడే కదా అనిపిస్తుంది. కానీ గట్టు పాదాన్ని అల తాకే గంటలు పెరుగుతాయి. ఒకప్పుడు పెద్ద తుఫానుకి మాత్రమే అందే చోటు మామూలు గాలివానకే అందుతుంది. 2013 డిసెంబరు 5 రాత్రి ఉప్పెన స్పర్న్ మధ్యలో రోడ్డుని తుడిచిపెట్టేసింది. అప్పటినుంచి పెద్ద పోటు వస్తే దాని చివరి భాగం దీవి అయిపోతుంది. ఆ స్పర్న్ కూడా, చూడండి, పైనుంచి కరిగి వచ్చిన ఇసుకతోనే బతికేది. గట్లన్నిటికీ రాయి కట్టేస్తే దానికి తిండెక్కడిది?

అందుకే గోడ వద్దు అని నేననలేను. పెద్దమ్మ ఇల్లుంది కదా, రేపు అక్కడ ఇంకో గోడ కడతామంటే చప్పట్లు కొట్టేవాణ్ణి నేనే. కాకపోతే గోడ ఖర్చులో పక్క ఊరి నష్టాన్ని కూడా మొదటిరోజే కలిపి లెక్క వేయాలి, ఆ ఊరివాళ్ళకి ముందే చెప్పాలి, వాళ్ళు లేచి వెళ్ళడానికి డబ్బివ్వాలి. ఇళ్ళు పడ్డాక కాదు.

మా అమ్మాయి చివరికి "ఊరికి సఫలం, తీరానికి విఫలం" అని రాసింది. ఆరుకి నాలుగు వచ్చాయి. కౌడెన్‌లో పోయిన భూమికి అంకెలు ఇవ్వలేదని రెండు కోశారట. వచ్చే నెల స్పర్న్ వెళ్తున్నాం, రావాలనుకునేవాళ్ళు పోటు వేళలు చూసుకుని మెసేజ్ పెట్టండి. నీళ్ళొచ్చాక అటు వైపు ఉండిపోతే, ఆటు వచ్చేదాకా ఫ్లాస్కులో టీయే గతి.