రెండు కిలోల తేడాను నమ్మవచ్చునా?



ఫలానా కొత్త వరి రకం బాగా పండిందని ఊళ్లో చెప్పుకుంటారు. అంతమాత్రాన పొలమంతా అదే వెయ్యవచ్చునా? విత్తనం ఖర్చూ మనదే, పోతే ఒక పంటకాలమూ మనదే. కనుక ముందు చిన్న పరీక్ష చేయాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. పొలం సంగతి అలా కాదు. గట్టు వార ఒక తీరు, పల్లంలో మరో తీరు పండుతుంది. అందుచేత సెంటు చొప్పున పది మళ్లు కట్టి, చీట్లు వేసి ఐదింటిలో పాత రకం, ఐదింటిలో కొత్త రకం నాటండి. ఎరువు, నీరు, నాటే రోజు అన్నిటికీ ఒకటే ఉండాలి. ధాన్యం ఒకే తీరున ఆరబెట్టి తూచాలి.

పాత రకం 22, 25, 19, 24, 20 కిలోలు పండిందనుకుందాం, సగటు 22. కొత్తది 24, 27, 21, 26, 22, సగటు 24. తేడా 2 కిలోలు, అంటే ఎకరాకు 2 క్వింటాళ్లు. ఆశపడవలసిందే! కాని పాత రకం మళ్లలోనే 6 కిలోల దాకా హెచ్చుతగ్గులున్నాయి కదా?

దీన్ని తేల్చేదే టీ-పరీక్ష. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో దీనికి పునాది వేశారు.

విస్తరణ ఉద్యోగులు లెక్క ఇలా వేయాలి. ప్రతి మడి దిగుబడికీ, ఆ రకం సగటుకూ గల తేడాను వర్గం చేసి, పదీ కూడండి: 52. పది మళ్లలోంచి రెండు తీసివేయగా మిగిలిన 8తో భాగిస్తే 6.5. రెండు వైపులా ఐదేసి మళ్లు కనుక రెండుతో హెచ్చించి ఐదుతో భాగిస్తే 2.6. దాని వర్గమూలం 1.61. సగటుల తేడా 2ను దీనితో భాగిస్తే 1.24. పట్టికలో 8కి ఎదురుగా, నూటికి 5 వంతు కింద ఉన్న అంకె 2.306. రకాల మధ్య నిజంగా తేడా లేకపోయినా నూటికి ఐదుసార్లు ఇటో అటో ఈ అంకె దాటుతుంది. మనది దాటలేదు. కనుక ఈ తేడా నేల వల్ల వచ్చిందో, రకం వల్ల వచ్చిందో చెప్పలేము.

అదే పాతది 22, 23, 21, 22, 22, కొత్తది 24, 25, 23, 24, 24 పండి ఉంటే? తేడా ఆ 2 కిలోలే. కాని లెక్క వేస్తే సుమారు 4.5 వస్తుంది. అప్పుడు కొత్త రకాన్ని నమ్మవచ్చు.

అంకె దాటనంతలో కొత్త రకం పనికిరాదని కాదు. పై పంటకు మరికొన్ని మళ్లలో వేసి చూడండి. తేలేదాకా పొలమంతా మార్చకండి.