కాపాడు హెలికాప్టరును ఎన్నుకొనుట ఎట్లు?

(ఆలంపురము పఠనమందిరమున చేయబడిన ఉపన్యాసము)



ఆలంపురములో హెలికాప్టర్లను గూర్చి ఉపన్యాసమా యని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. నవబ్రహ్మాలయములను గూర్చి మాటలాడవలసిన చోట ఈ యంత్రపురాణమేల యని అధ్యక్షులవారును నన్నడిగిరి. కాని 2009వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములను మీరు మరచియుండరు. కృష్ణయు తుంగభద్రయు ఒక్కమారుగా పొంగినవి. శ్రీశైలము జలాశయమునకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిపడెను. ఆ యానకట్టను లెక్కగట్టినవారు తలచిన పెనువరద 19 లక్షలు మాత్రమే. ఆవల కర్నూలు పట్టణము మునిగెను, ఈవల మీ యూరు మునిగెను. ఆలయములను కాచుటకు కట్టిన గట్టు ఆనాడు అక్కరకు రాలేదు. మేడలపై నిలిచినవారు ఆకాశమువైపు చూచుచుండగా హెలికాప్టర్లు వచ్చి ఆహారపు పొట్లములు జారవిడిచినవి. కావున ఈ విషయమును గూర్చి మాటలాడుటకు ఢిల్లీవారికెంత హక్కు కలదో మీకును అంతే కలదు. ఇంకను ఎక్కువయే కలదేమో. వారు యంత్రమును కొనువారు, మీరు దానికొరకు ఎదురుచూచినవారు.

అంతకు సరిగా ఒక నెల ముందు, సెప్టెంబరు 2వ తేదీన, ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు ఎక్కిన బెల్ 430 హెలికాప్టరు బేగంపేటనుండి బయలుదేరి నల్లమలలో అదృశ్యమయ్యెను. వెదకుటకు సుఖోయ్ విమానమును పంపిరి, ఇస్రోవారి ఉపగ్రహమును వాడిరి, పోలీసులును గిరిజనులును అడవిలోనికి నడచిరి. మరునాటి ఉదయమునగాని పావురాలగుట్టపై శిథిలములు కనబడలేదు. కమాండోలు హెలికాప్టరునుండి త్రాళ్ళు పట్టుకొని దిగిరి. అప్పటికి చేయవలసినది మృతదేహములను తెచ్చుట మాత్రమే. ఆ ప్రమాదములో అయిదుగురును మరణించిరి. ఒక రాష్ట్రప్రభుత్వమంతయు, దేశపు వైమానికదళమంతయు పూనుకొన్నను మబ్బును చీకటియు కలిసి ఒక పగలును ఒక రాత్రియు మ్రింగివైచినవి. ‘వెదకి కాపాడుట’ యను మాటలో కాపాడుటకంటె ముందు వెదకుట యున్నదని నల్లమల మనకు నేర్పెను.

ఇది శాంతికాలపు మాట. యుద్ధకాలమున ఈ పని మరింత కఠినము. వరదలో చిక్కినవాడు పైపంచె విసరి పిలువవచ్చును. శత్రుభూమిలో గొడుగుతో దిగిన వైమానికుడు అట్లు పిలిచినచో ముందుగా వచ్చువాడు శత్రువే. 1999 మే 27వ తేదీన కార్గిల్ పర్వతములపై నచికేతగారి మిగ్-27 ఇంజను ఆగిపోగా ఆయన క్రిందికి దూకెను. ఆయన ఎచ్చట పడెనో గుర్తించుటకై స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజాగారు తన విమానమును అచ్చటనే త్రిప్పుచుండెను. భుజముపైనుండి పేల్చు క్షిపణి ఆయన విమానమునకు తగిలెను. నచికేతగారు బందీయయ్యెను, ఆహుజాగారు ప్రాణములు కోల్పోయెను. మరునాడే తోలోలింగ్ వద్ద మన మి-17 హెలికాప్టరొకటి అట్టి క్షిపణికే కూలి నలుగురు మరణించిరి. క్షిపణిని ప్రక్కదారి పట్టించు మంటలగుళ్ళు విడుచు పరికరము దానికి లేదు. ఆ పరికరము ఖరీదెంతయో నేనెరుగను. నలుగురి ఖరీదుకంటె తక్కువయే యని మాత్రము ఎరుగుదును.

ఇక ఎన్నికను గూర్చి చెప్పెదను. హెలికాప్టరునకు ఆధారము గాలి. ఎండ ముదిరినకొలది గాలి పలుచనగును, ఎత్తునకు పోయినకొలదియు పలుచనగును. పుష్యమాసపు ఉదయమున పదిమందిని ఎత్తగల యంత్రము మన మే నెల మధ్యాహ్నమున అంతమందిని ఎత్తజాలదు. అమ్మువాడు చూపించు పట్టికలోని అంకెలు సాధారణముగా సముద్రమట్టమున, 15 డిగ్రీల చల్లదనమున లెక్కించినవి. ఆలంపురములో 15 డిగ్రీలు సంవత్సరమునకు ఎన్ని దినములుండునో మీరే చెప్పుడు!

పెద్దదానిని కొన్నచో సరిపోవునుగదా యందురా? పెద్ద యంత్రము దూరము పోవును, ఎక్కువమందిని మోయును, నిజమే. కాని దాని రెక్కలనుండి క్రిందికి కొట్టు గాలి తుపానువంటిది. ఇరుకు సందుల యూరిలో మేడమీద నిలిచిన ముసలమ్మపైకి అది వచ్చినచో రేకులు ఎగిరిపోవును, తాడు పట్టుకొన్న మనిషి గిరగిర తిరుగును. ఎడారిలో ఆ గాలియే ధూళిని లేపి చోదకుని కన్నులు కప్పును. చిన్న యంత్రము సందులో దూరగలదు, కాని దూరము పోలేదు, గాయపడినవానిని పరుండబెట్టుటకు చోటుండదు. ఈ రెంటి నడుమ ఎచ్చట నిలువవలెనన్నదే అసలు ప్రశ్న.

అమెరికావంటి ధనికదేశమే దీనికి ఉత్తరము చెప్పలేక తడబడెను. 1980 ఏప్రిలులో ఇరానులో బందీలుగా నున్న తమవారిని తెచ్చుటకు వారు ఎనిమిది హెలికాప్టర్లను పంపిరి. అవి సముద్రములో మందుపాతరలు ఏరుటకు చేసినవి. ఎడారి దాటుటకు వానిని ఎన్నుకొనిరి. కనీసము ఆరు కావలెననిరి, పనికివచ్చునవి అయిదే మిగిలినవి. తిరిగిపోవు సన్నాహములో ఒకటి విమానమునకు తగిలి ఎనిమిదిమంది మరణించిరి. తరువాత, పాతబడిన పేవ్ హాక్ హెలికాప్టర్ల స్థానమున 141 క్రొత్తవి కొనదలచి 2006లో బోయింగువారి పెద్ద చినూకును ఎన్నుకొనిరి. రక్షణకార్యమునకు ఇంత భారీయంత్రమా యని పలువురు ఆశ్చర్యపడిరి. ఓడిన కంపెనీలు రెండును ఫిర్యాదు చేసినవి. వారి ప్రభుత్వ లెక్కల తనిఖీశాఖ 2007లో ఆ ఫిర్యాదును న్యాయమేననెను. కారణమేమనుకొంటిరి? కొనువెలకాదు, కొన్న పిమ్మట దశాబ్దములపాటు నడుపుటకును బాగుచేయుటకును అగు వ్యయమును సరిగా లెక్కింపకపోవుట! 2009లో ఆ పథకమునే రద్దుచేసిరి. 2014లో సికోర్‌స్కీవారితో, పాత తరగతికే చెందిన మధ్యరకపు యంత్రమును ఇంధనపు తొట్టి పెంచి చేయించుకొనుటకు ఒప్పందము జరిగెను. అది పనిలోనికి దిగునప్పటికి 2022 వచ్చెను. అనగా ఎన్నికకు పదునారేండ్లు! ఆ సంవత్సరమే, బలవంతుడగు శత్రువు ఆకాశములో ఇది బ్రతికి బట్టకట్టునా యను శంకతో, కొనదలచిన సంఖ్యను 113నుండి 75కు తగ్గించుటకు ప్రతిపాదించిరి. యంత్రము సిద్ధమగునంతలో యుద్ధమే మారిపోయెను.

మన సంగతి చూతము. 1972లో వచ్చిన మి-8లు 2017 డిసెంబరులో సెలవు తీసుకొన్నవి. వాని స్థానమున మి-17 వి5లు ముందుగానే వచ్చియుండెను. ఈ ఒక్క మార్పిడి క్రమముగా జరిగెనని ఒప్పుకొనక తప్పదు. తక్కినవి అట్లు లేవు. చేతక్, చీతా యను చిన్న హెలికాప్టర్లకు బదులుగా 197 కొనుటకు పిలిచిన టెండరు 2007లో ఒకసారి, 2014లో మరియొకసారి రద్దయ్యెను. 2015లో రష్యాతో 200 కామోవ్‌లకై కుదిరిన ఒడంబడికయు ముందుకు సాగలేదు. విశాఖపట్టణమున ఐ.ఎన్.ఎస్. డేగాలో సముద్రమున చిక్కినవారిని తెచ్చుచుండిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు 2007లో జలాశ్వ నౌకతోపాటు అమెరికానుండి వచ్చిన పాతసరుకు. 2024 జూనులో వానిని విరమింపజేసిరి. వాని స్థానమున వచ్చినవి 1980లనాటి సీకింగులు! తాతగారు పదవి విడువగా పెదనాయనను కూర్చుండబెట్టినట్లున్నది.

స్వదేశీ మాట మీ నాలుకలపై నున్నదని నేనెరుగుదును. నాకును అదియే ఇష్టము. పరదేశపు యంత్రమునకు ఒక మరచీల కావలసివచ్చినపుడు ఆ దేశము మరొక యుద్ధములో మునిగియున్నచో మన వైమానికుడు కొండపై కూర్చుండవలసినదేనా? బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్సువారు మి-17ల స్థానమునకై సుమారు 13 టన్నుల హెలికాప్టరును రూపొందింపదలచిరి. అది శీఘ్రముగా ఎగురవలయును. కాని స్వదేశీ యను పేరు తప్పులకు మరుగు కారాదు. 2024 సెప్టెంబరులో నావికుని కాపాడబోయిన కోస్టుగార్డువారి ధ్రువ్ అరేబియాసముద్రమున పడి ముగ్గురిని బలిగొనెను. 2025 జనవరిలో పోర్‌బందరున మరియొకటి కూలెను, అచ్చటను ముగ్గురు. వెంటనే సుమారు 330 ధ్రువ్‌లను నేలపై నిలిపివేసిరి. ఒకే రకముపై అన్ని దళములును ఆధారపడియున్నచో ఒక భాగము పగిలిన దినమున కాపాడువాడే ఉండడు. 2022లో దళమున చేరిన ప్రచండ్ హెలికాప్టరు పనులలో యుద్ధరంగ రక్షణమును కూడ ప్రభుత్వమువారు పేర్కొనిరి. మంచి యంత్రమే, సందేహము లేదు. కాని అందు కూర్చుండువారు ఇద్దరే, ఆ ఇద్దరును నడుపువారే. తెచ్చినవానిని ఎచ్చట కూర్చుండబెట్టుదురు? అది కావలిగా ప్రక్కన ఎగురవచ్చును, ఎత్తుకొని వచ్చుటకు మరొకటి కావలసినదే. ఈ లెక్కను పార్లమెంటులో ఎవరైన అడిగిన బాగుండును.

కావున నేను కోరునది యొక్కటే. కొత్త యంత్రమును ఎన్నుకొనునపుడు పట్టికను ముందుపెట్టుకొనక, చిక్కుకొన్నవానిని ముందుపెట్టుకొనవలయును. పిలుపు వచ్చిన నిముషమునుండి వానిని తాడుపై ఎత్తు నిముషమువరకు గడియారము చూడవలయును. నలువదేండ్ల వ్యయమును మొదటిదినముననే లెక్కకట్టవలయును. పాతది పోవుటకు ముందే క్రొత్తది రావలయును. ఇంక పరీక్షలు జరుపు చోటును, వేళను గూర్చి ఒక మాట. శీతాకాలమున మైదానముమీద పెద్దల యెదుట చేయు ప్రదర్శనలు చాలవు. వాయుదళమువారి హెలికాప్టరు శిక్షణాలయము హకీంపేటలోనే యున్నది, నల్లమల అచ్చటికి దూరము కాదు. ఒకటి మే నెల మధ్యాహ్నమున నిండు బరువుతో తుంగభద్ర ఒడ్డున జరుపవలయును. రెండవది భాద్రపదమాసమున, వాన కురియు రాత్రి, దీపములేని అడవిలో జరుపవలయును. ఆ రెండవదానికి పావురాలగుట్టయే తగిన స్థలము.