బిడ్డ పలుకనప్పుడు తల్లిదండ్రులు తెలిసికొనదగినవి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో తండ్రి గల్ఫు దేశమున కష్టించుచుండగా, తల్లి బీడీలు చుట్టుచు బిడ్డలను పెంచు ఇండ్లు పెక్కు గలవు. అట్టి యింట మూడేండ్ల బిడ్డ పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడక, తోడిపిల్లలతో ఆడక, ఒక్కతీరుగ బండిచక్రమునే త్రిప్పుచుండిన, ఊరు వేలెత్తి చూపునది తల్లినే. ఈ లక్షణములు ఆటిజమను ఎదుగుదల భేదమునకు సంబంధించినవి కావచ్చును.

ఈ నింద విద్యావంతులును మోపినదే. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలయందు ఈ స్థితిని వర్ణించెను. పిదప కొందరు పండితులు తల్లుల మమకారలోపమే కారణమనిరి. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను శాస్త్రజ్ఞుడు గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. ఆయనయు అట్టి బిడ్డకు తండ్రియే. మెదడు పెరుగుదలలోని ఈ భేదము చాలవరకు పుట్టుకకు ముందే మొదలగుననియు, అందు వంశలక్షణములకు పెద్ద పాలు గలదనియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. గ్రహణము గాని, దిష్టి గాని, తల్లి పెంపకము గాని కారణము కాదు.

టీకాలను గూర్చిన భయము వేరొకటి. 1998లో లాన్సెట్ అను వైద్యపత్రిక 12 మంది పిల్లలను గూర్చిన వ్యాసము నొకదానిని ప్రకటించి, 2010లో తానే దానిని రద్దుపరచెను. 2019లో వెలువడిన డెన్మార్కు పరిశోధన 6,57,461 మంది పిల్లలను లెక్కించి, తట్టు టీకాకు దీనితో సంబంధము లేదని తేల్చినది. ఆ టీకా రెండవ మోతాదు పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ పడును. బిడ్డకు మాటలు రాలేదని ఇంటివారు గమనించునదియు ఆ ప్రాయముననే. కోడి కూసిన పిదప తెల్లవారును గాని, కోడి కూతచేత తెల్లవారదు గదా!

ఇక చికిత్సలు. వస పోయుటచేతను, నాలుక క్రింది నరము కోయించుటచేతను ఇది తొలగదు. కొండగట్టు అంజన్నకు మ్రొక్కుకొనుట మనస్సునకు ధైర్యము నిచ్చును, దానిని కాదనువారెవరు? మ్రొక్కు తీరువరకు వైద్యునకు చూపింపకుండుటయే నష్టము. మూలకణముల సూదిమందునకై పొలమమ్మువారును కలరు. ఆటిజమునకు ఆ చికిత్స తగదని జాతీయ వైద్య కమిషను 2022లో తెలిపినది. ఒంటిలోని లోహములను తీసివేయుదుమను మందు ఎక్కించినందున 2005లో అమెరికాలో ఐదేండ్ల బాలుడు మరణించెను. తప్పక నయము చేయుదునని పూచీపడువానికి డబ్బిచ్చుటకు ముందు నిదర్శన మడుగవలెను.

ఏడాది నిండియు పిలుపునకు తిరుగకున్నను, ఏడాదిన్నరకు వ్రేలితో చూపకున్నను, వచ్చిన మాటలు పోయినను ఆలస్యము చేయరాదు. తాతకును మాటలు ఆలస్యముగనే వచ్చెనని ఊరకుండుట తగదు. మొదట చెవుల పరీక్ష చేయింపవలెను. పిమ్మట ప్రభుత్వాసుపత్రిలో పిల్లల వైద్యుని గాని, సికింద్రాబాదులో 1984లో వెలసిన జాతీయ సంస్థను గాని ఆశ్రయింపవలెను. దీనిని మాన్పు మందు లేదు. శిక్షణ మాత్రము పెక్కుమందికి మేలు చేయును, ఫలము బిడ్డబిడ్డకు వేరుగ నుండును.

ఆ శిక్షణలో ఇంటి పాలు గొప్పది. దాహమై బిడ్డ చేయి పట్టి లాగినపుడు, తల్లి బీడీల చాట ప్రక్కన నుంచి, చెంబు చూపి, "నీళ్ళు" అని పలికి, క్షణమాగి ఇయ్యవలెను. దినమునకు పదిమార్లు ఇట్లు చేయుటకు పైకము పట్టదు.

2016 నాటి చట్టము ఆటిజము గల బిడ్డలకును బడిలో చోటు హక్కుగా నిచ్చినది. ఊరు ఇయ్యవలసినది మరియొకటి గలదు: ఏ పాపము చేసితివని ఆ తల్లి నడుగకుండుట.