మునిగిన ఊరికి గుర్తు ఎవరు?

ఈసారి వీసాల గురించి కాదు, ఊరి గురించి మాట్లాడదాం.

నేను లివర్‌పూల్ వైపు సైట్లలో సూపర్‌వైజర్‌ని. ఇక్కడి నుంచి కారులో రెండు గంటల లోపే, వేల్స్‌లో బాలా దగ్గర లిన్ కెలిన్ అనే పెద్ద రిజర్వాయర్ ఉంది. దాని అడుగున కాపెల్ కెలిన్ అనే ఊరుంది. లివర్‌పూల్‌కు నీళ్లు కావాలని 1957లో పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ ఎంపీలు ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటెయ్యలేదు. అయినా 1965లో డ్యాం తెరిచారు. బడి, పోస్టాఫీసు, చాపెల్, ఇళ్లు అన్నీ పోయినాయి. 2005లో లివర్‌పూల్ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది.

మరి ఊరు గుర్తెలా మిగిలింది? ఒకటి, నేల వల్ల. కరువొచ్చి నీళ్లు తగ్గితే పాత రాళ్లు బయటపడతాయి. లాన్‌రిస్టిడ్ దగ్గర ఒక పాడుగోడ మీద 'ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి' అని వెల్ష్‌లో రాశారు. 2019లో ఆ గోడను ఎవరో పడగొడితే జనమే మళ్లీ కట్టారు. రెండోది, సినిమా. బాంగోర్‌లోని ఫ్రయర్స్ స్కూలు వాళ్లు ఆ లోయ కథను కెమెరాలో తీసిపెట్టారు.

పాలస్తీనా వాళ్లకూ ఇవే దిక్కు. నజరేత్ దగ్గరి మాలూల్ 1948లో ఖాళీ అయింది. ఇళ్లు కూల్చి, పైన్ చెట్లు నాటారు. ఆ ఊరివాళ్లు ఏడాదికొక రోజు ఆ అడవికి పోయి తమ ఇళ్ల జాగాలు వెతుక్కోవడం మిషెల్ ఖ్లైఫీ 1985లో సినిమాగా తీశాడు.

ఇక మన సంగతి. శ్రీశైలం డ్యాం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ లెవల్ కింద పడిన ఊళ్లను 1981లో ఖాళీ చేయించారు. మా అమ్మ పుట్టినూరు అందులో ఒకటి. సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు తేలుతుంది, జనం పోయి మొక్కుకుంటారు. మా అమ్మమ్మ ఇల్లు తేలదు. ఒక్క ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా అమ్మ నోట్లోనే.

సైటులో ఏదైనా కూల్చేముందు ఫొటోలు తీస్తాం, కొలతలు రాసుకుంటాం. కదా? అమ్మ విషయంలోనూ అదే చేసినాను. వాకిట్లో ముగ్గుపిండితో ఊరి ప్లాను గీయమన్నా. తమ్ముడు ఫోన్‌లో తీసినాడు. 'ఏటికి పోయే దోవలో ఎడంచేతి పక్క మూడో ఇల్లు మాది, ముందర యాపచెట్టు' అని గీస్తా చెప్పింది.

మీరూ ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'మీ ఊరు ఎట్లుండేది' అని అడగొద్దు. దానికి 'బాగుండేది' అంటారు, అంతే. 'బడికి ఏ దోవన పోయేటోళ్లు? నీళ్లు ఎక్కడ తోడేటోళ్లు?' అని అడగండి. రికార్డింగ్ ఆన్ చేసి పెట్టండి. మన అమ్మానాయనల వయసు మీకు తెలుసు.

ఉంటాను మరి. జాగ్రత్తగా పని చేసుకోండి.