షుగర్ కార్డు పక్కన ఒక ప్రశ్న

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న నర్సింగ్ విద్యార్థులకు నా మనఃపూర్వక అభినందనలు.

మీలో చాలామంది బొగ్గుబాయి బిడ్డలు. నాన్నకు చేసే పీఎంఈ (పీరియాడికల్ మెడికల్ ఎగ్జామినేషన్) అంటే ఏమిటో మీ ఇంట్లో అందరికీ తెలుసు. గని కార్మికుడికి నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష చేయాలని చట్టమే చెబుతోంది. ఫస్ట్ షిఫ్టుకు డబ్బా కట్టి, నైట్ షిఫ్టు నుంచి వచ్చే మనిషి కోసం మేలుకునే అమ్మకు అలాంటి పిలుపు రాదు. ఈ రోజు ఆమె గురించే మాట్లాడతాను.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ - ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది. 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంది. షుగర్ అనగానే కళ్లు, కిడ్నీలు, పాదాలు గుర్తొస్తాయి. గర్భసంచి గుర్తు రాదు. కానీ షుగర్ ఉన్న స్త్రీలకు గర్భసంచి లోపొర క్యాన్సర్, అంటే ఎండోమెట్రియల్ క్యాన్సర్, వచ్చే ముప్పు సుమారు రెట్టింపు. స్థూలకాయంతో ముప్పు ఇంకా పెరుగుతుంది.

కారణం మీరు చదువుకున్నదే. ముట్లు ఆగిపోయాక అండాశయాలు ప్రొజెస్టెరాన్ ఇవ్వడం మానేస్తాయి. కొవ్వు కణజాలం మాత్రం అరోమటేజ్ అనే ఎంజైముతో ఈస్ట్రోజెన్ తయారు చేస్తూనే ఉంటుంది. అదుపు చేసే హార్మోన్ లేక లోపొర మందమవుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే, ఈస్ట్రోజెన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేస్తుంది. ఇన్సులిన్ నేరుగా కూడా కణాలను పెరగమని ప్రేరేపిస్తుంది. క్యాన్సర్ వచ్చాక కూడా షుగర్, స్థూలకాయం వదలవు. ఆపరేషన్, మత్తు, గాయం మానడం అన్నీ కష్టమవుతాయి. తొలి దశలో చికిత్స పొంది బయటపడ్డవాళ్లలో కూడా చాలామంది తర్వాత గుండెజబ్బుతో పోతున్నారు. అందుకే క్యాన్సర్ వార్డులో షుగర్, బీపీలను పక్కన పెట్టకండి.

ఈ క్యాన్సర్ మనకు ఒక మేలు చేస్తుంది, ముందే హెచ్చరిస్తుంది. రోగుల్లో నూటికి 90 మందికి ముట్లు ఆగాక మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తుంది. అలా కనిపించిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి క్యాన్సర్ ఉంటుంది. మిగిలినవాళ్లకు వేరే కారణాలు ఉంటాయి. ఎవరికి ఏది అన్నది స్కానింగ్, బయాప్సీ చెబుతాయి. గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష దీన్ని పట్టుకుంటుందని నమ్మలేం. తొలి దశలో దొరికితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

మరి ఎర్రబట్ట కనిపించిందన్న మాట ఆ అమ్మ ఎవరికి చెబుతుంది? భర్తకు చెప్పదు, కొడుకుకు చెప్పదు. "ఈ వయసులో ఇదేంది" అని సిగ్గుపడి ఊరుకుంటుంది. నెలనెలా షుగర్ మాత్రల కోసం మాత్రం మీ దగ్గరికి వస్తుంది. అప్పుడు షుగర్ కార్డు మీద అంకెలు రాసి అంతటితో పంపేయకండి. గొంతు తగ్గించి, "పెద్దమ్మా, ముట్లు ఆగినంక మళ్లీ ఎప్పుడన్నా ఎర్ర కనబడ్డదా?" అని అడగండి. ఆమెకు గర్భసంచి ఉందో లేదో కూడా అడగండి.

ఆ రెండో ప్రశ్న ఎందుకంటే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. భయపడి తొందరగా కోయించుకోవడం, సిగ్గుపడి దాచుకోవడం రెండూ నష్టమే. పరీక్ష చేయించి, కారణం తెలిశాకే నిర్ణయం తీసుకోవాలని చెప్పగలిగే మనిషి ఆమెకు కావాలి.

ఆ మనిషి మీరే కావాలి. లావుగా ఉన్నావని ఎవరినీ నిందించకండి. నింద పడ్డ మనిషి మళ్లీ ఆస్పత్రి గడప తొక్కదు. రేపు ఏ వార్డులో చేరినా, షుగర్ చూసేవాళ్లు రక్తస్రావం గురించి అడగండి, రక్తస్రావం చూసేవాళ్లు షుగర్ పరీక్ష చేయించండి. ఆ పని ఈ రాత్రి మీ ఇంట్లో అమ్మతోనే మొదలుపెట్టండి.